ఫిల్టరుకు గొడుగు

గేజి గది,
కొండ మీద నుంచి

అన్నయ్యకి,

నేను బాగున్నాను. నువ్వూ వదినా బాగున్నారని అనుకుంటున్నాను. నువ్విచ్చిన బండి మాత్రం బాగాలేదు. ఆ ముక్క ముందే చెప్పేస్తే మిగతా ఉత్తరం కాస్త మర్యాదగా రాయగలనేమోనని ఆశ.

నిన్న మొదటి వాన పడింది. నా ఉద్యోగం ఏమిటో ఎన్నిసార్లు చెప్పినా "నీళ్ళు కొలిచే పనేగా" అని నవ్వేస్తావు. ఈసారి నవ్వకుండా చదువు. వాన గట్టిగా పట్టుకోగానే నేను ఈ గదిలోంచి బయల్దేరి, కొండదారిన పై వంతెన దాకా వెళ్ళి, వాగులో పాతిన కొలకర్ర మీద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూసుకోవాలి. మళ్ళీ గదికి వచ్చి, కింద ఆనకట్ట గేట్ల దగ్గరుండే పెద్దాయనకి ఆఫీసు ఫోనులో ఆ అంకె చెప్పాలి. ఆయన దాన్నిబట్టి గేట్లు ఎత్తుతాడు. పల్లపు వీధి వాళ్ళని ఇళ్ళు వదిలి వెళ్ళమనాలో వద్దో కూడా దాన్నిబట్టే చెబుతాడు. అంకె సమయానికి అందకపోతే ఆయన గుడ్డిగా ఎత్తాల్సిందే.

ఈ వానాకాలమంతా నాకు పరీక్ష. ఒక రీడింగు తప్పితే మెమో ఇస్తారు. రెండోది తప్పితే మూటాముల్లే సర్దుకోవడమే. ఇప్పుడు అర్థమైందా? నాకు పని ఉండేదే వానలో. నీ బండి ఆగేదీ వానలోనే. ఏం జత కలిపావయ్యా!

బండి ఇచ్చేటప్పుడు నువ్వన్న మాట నాకు గుర్తుంది. "కంపెనీవాడు ఇంజను ముక్కు మూసి పంపాడే పిడుగూ, నేను విప్పాను" అన్నావు. ఫిల్టరు చుట్టూ ఉండే డబ్బా పీకేసి, గరాటులాంటి ఫిల్టరొకటి తెచ్చి సీటు కింద బోసిగా వేలాడదీశావు. ఎండలో ఆ బండి వీధి చివరిదాకా వినపడుతుంది, కాదనను. వానలో ఆ విప్పిన ముక్కులోకి నీళ్ళు పోతున్నాయి. నిన్న మొదటి మలుపు దాటగానే దగ్గింది, రెండో మలుపులో తుమ్మింది, మూడో మలుపులో చచ్చింది. ఆ దారిన పోయే రాళ్ళ లారీవాడు ఎక్కించుకున్నాడు కాబట్టి బతికిపోయాను. గేట్ల పెద్దాయన అంకె రాసుకుని, "ఏమ్మా, తీరిగ్గా వెళ్ళొచ్చావా?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

ఆ పాత డబ్బా ఉంటే వెంటనే పంపు. మాకు సరుకులు తెచ్చే జీపు వారానికోసారి వస్తుంది, ఉత్తరమైనా పార్సిలైనా దాంట్లోనే.

నీ చెల్లెలు


షెడ్డు నుంచి

పిడుగుకి,

నీ ఉత్తరం వదిన చదివి పొట్ట పట్టుకు నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. దగ్గింది, తుమ్మింది, చచ్చింది అని రాస్తావా? మెకానిక్కుకి రాసే పద్ధతేనా అది? పొడి దగ్గా, తడి దగ్గా? ఆగే ముందు బుస్సుమందా, గుడగుడలాడిందా, ఫట్టుమని పేలిందా? శబ్దం రాసి పంపు. శబ్దం తెలిస్తే రోగమేంటో ఇక్కడ కూర్చునే చెబుతాను. జనం నన్ను చెవి మేస్త్రి అని ఊరికే అనలేదు.

డబ్బా ఉంది గానీ నీకు పనికిరాదు. అది కూర్చునే పట్టీలు ఫ్రేము మీద నుంచి కోసేశాను. మళ్ళీ వెల్డింగు పెట్టాలంటే బండి నా దగ్గర వారం పైన ఉండాలి. అన్నాళ్ళు బండి లేకుండా కొండెలా ఎక్కుతావు?

అందుకని మందపాటి పాలిథిన్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు పంపుతున్నాను. వాన మొదలవగానే ఫిల్టరుకి తొడుగు. కింద మాత్రం మూసెయ్యకు, నాలుగు వేళ్ళు పట్టేంత వదులు ఉంచు. ఉత్తినే చెప్పడంలేదు. నీ బండి లాంటిదే ఒకటి రిపేరుకొస్తే, దానికి ఇలాంటి ఫిల్టరే బిగించి, స్టాండు వేసి, స్టార్టు చేసి, పైపుతో నెత్తిన నీళ్ళు కుమ్మరించాను. చెక్కు చెదరలేదు.

ఇక్కడ విశేషాలేమీ లేవు. వదిన ఈ మధ్య షెడ్డులోనే కూర్చుంటోంది. వచ్చినవాళ్ళతో తనే మాట్లాడుతోంది. నాకూ అదే నయంగా ఉంది. జనం మరీ గొణుగుతున్నారు ఈ మధ్య, ఒక్క ముక్క తిన్నగా చెప్పరు.

అన్నయ్య


గేజి గది,
ఎడతెరిపి లేని వాన

అన్నయ్యకి,

శబ్దాలు కావాలన్నావుగా, తీసుకో. బయల్దేరినప్పుడు డుగుడుగుడుగు. ఎత్తు మొదలవగానే బుస్స్. అంటే నీ కవరు ఫిల్టరు లోపలికి పీల్చుకుపోయి అంటుకుపోయిందన్నమాట. తర్వాత గుక్ గుక్ గుక్. ఆ తర్వాత ఏ శబ్దమూ లేదు, నేను తిట్టిన తిట్లు తప్ప. ఇంజను పీల్చాల్సింది గాలి కదా మేస్త్రి గారూ? దాని మూతికి సంచీ కట్టి కొండెక్కమంటే ఎక్కుతుందా?

కవరు పీకి పారేసి మళ్ళీ కిక్కు కొట్టాను. లేచింది. ఈసారి ఫిల్టరు బోసిగా ఉంది కదా, మలుపు తిరిగేలోపే తడిసి ముద్దయింది. తోశాను. కొంతదూరం తోసి ఇక నావల్ల కాక, బండిని గట్టున పడేసి నడిచాను. కాదు, పరిగెత్తాను. రీడింగు తీసుకుని గది చేరేసరికి నా మొహానికి ఆలస్యమైపోయింది. పెద్దాయన తన ఊహతో గేట్లు ఎత్తేశాడు. ఎక్కువ ఎత్తేశాడట. పల్లపు వీధిలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. మనుషులకేం కాలేదు. ఒకావిడ కుట్టుమిషను మాత్రం మునిగిపోయింది. ఆవిడ ఇంజనీరు ఆఫీసుకి వచ్చి, ఎవరినీ ఏమీ అనకుండా మెట్ల మీద కూర్చుందట. అది విన్నప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు.

మెమో ఇచ్చారు. బండి ఆగిపోయిందని వివరణ రాసిచ్చాను. ఇంజనీరు అది చదివి, "వానలో ఆగిపోయే బండి నీకెవరిచ్చారమ్మా?" అని అడిగాడు. మా అన్నయ్య అని చెప్పడానికి నోరు రాలేదు. 

ఇక ఒక్కటి తప్పితే ఇంటికే. దయచేసి నీ తెలివితేటలు పక్కన పెట్టి, పనికొచ్చేది ఏదైనా పంపు.

చెల్లెలు


షెడ్డు

పిడుగూ,

మెమో సంగతి చదివాక రెండు పూటలు తిండి సహించలేదు. వదిన కూడా నాతో మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, నామీద నాకే చిరాకేసింది.

బుస్స్ తర్వాత గుక్ గుక్ అన్నావు కాబట్టి అది గాలి అందక ఆగింది, నీళ్ళ వల్ల కాదు. రెండోసారి ఆగినప్పుడు ఏ శబ్దం వచ్చిందో నువ్వు రాయలేదు. అసలు కావాల్సింది అదే. వచ్చే ఉత్తరంలో రాయి.

ఈసారి గాలి ఆడేలా చేశాను. వదిన పాత సీటు కవరు రెక్సిన్ కత్తిరించి టోపీలా కుట్టింది. లోపల తీగ చుట్టుంది కాబట్టి ఫిల్టరుకి అంటుకోదు. పైనా, ముందూ, పక్కలా కప్పేస్తుంది. కింద మొత్తం తెరిచే ఉంటుంది. మళ్ళీ పైపు పెట్టి చూశాను. ఇంజను ఆగలేదు. వదిన చేతులు నొప్పెట్టేదాకా పట్టుకుంది ఆ పైపు.

ధైర్యంగా ఉండు. నీకేం కానివ్వను.

అన్నయ్య


గేజి గది

అన్నయ్యకి,

టోపీ అందింది. తుంపర పడ్డ రోజున పెట్టుకుని వెళ్తే బండి పూలరథంలా వెళ్ళింది. సంతోషం పట్టలేక అక్కడే ఆగి వదిన పేరు చెప్పుకుని దణ్ణం పెట్టాను. నీకు పెట్టలేదు, నీ సంగతి ఇంకా తేల్లేదు కదా.

మర్నాడు అసలు వాన వచ్చింది. రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి. బండి వంతెన దాకా బాగానే వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో మళ్ళీ పాత కథే. ఎప్పుడూ ఎక్కేటప్పుడు ఆగేది, ఇప్పుడు దిగేటప్పుడు ఆగింది. అదే నీ అభివృద్ధి. దిగుడు కాబట్టి న్యూట్రల్లో పెట్టి, కాళ్ళతో తన్నుకుంటూ గదికి వచ్చిపడ్డాను. అంకె అందింది, అందీ అందనట్టుగా. ఇలా ప్రతిసారీ గుండె అరచేతిలో పెట్టుకుని తిరగడం నావల్ల కాదు. టోపీ విప్పి చూస్తే ఫిల్టరు నీళ్ళు కారుతోంది. ఎట్నుంచి వచ్చాయో నాకైతే అంతు చిక్కలేదు.

ఇంక శబ్దాలు రాయను. నేను చేసేది ఉద్యోగం, శబ్దాల పద్దు కాదు. ఇవతల నా నౌకరీ ఊడేలా ఉంటే నువ్వు బుస్సా, ఫట్టా అని అడుగుతావు. రాత్రీ పగలూ ఆ షెడ్డులోనే ఉంటావుగా, గోడకి ఫోనుందిగా, ఒక్కసారైనా చేశావా? నేనే చేస్తాను. ఈ ఆఫీసు ఫోనులోంచి బయటి ఊళ్ళకి చెయ్యనివ్వరు కాబట్టి ఆదివారం కింద బజారుకి దిగుతాను. మూల మీది కొట్లో ఫోనుంది. బండిని గుమ్మం దాకా తెచ్చి, ఫోను దాని పక్కనే పట్టి వినిపిస్తాను. నీ చెవులతో నువ్వే విను. దెబ్బకి తేలిపోతుంది.

చెల్లెలు


షెడ్డు

పిడుగూ,

ఫోనొద్దు. ఫోనులో శబ్దం నలిగిపోతుంది, ఏమీ తేలదు. పైగా ఆదివారం షెడ్డులో ఒకటే గోల. రాసి పంపు చాలు.

టోపీ వదిలెయ్. దానికంటే మంచిది చేశాను. నూనె డబ్బా రేకు కత్తిరించి, ఫిల్టరుకి అడుగు నుంచి పై దాకా గూడులా వంచాను. వెనక వైపు మాత్రం తెరిచి ఉంటుంది, గాలి అక్కణ్ణుంచి వెళ్తుంది. పైపుతో ఎంతసేపు కొట్టినా లోపల చుక్క పడలేదు. రెండు బోల్టులు బిగించుకుంటే చాలు.

అన్నయ్య

అమ్మాయ్, వదినని రాస్తున్నాను. కవరు అంటించమని ఇచ్చారు కాబట్టి ఈ నాలుగు ముక్కలు. మీ అన్నయ్యతో ఫోనులో మాట్లాడాలని పట్టు పట్టకమ్మా. ఎందుకని అడగకు. ఆ మనిషి నీ బండి గురించి తప్ప వేరే ధ్యాస లేకుండా ఉన్నారు. అది మాత్రం నమ్ము.


గేజి గది,
ఆదివారం, బజారు నుంచి తిరిగొచ్చాక

నీకే రాస్తున్నాను, చదువు.

నీ రేకు గూడు బిగించుకునే బజారుకి దిగాను. దార్లో వాన పట్టుకుంది. నీ గూడులోకి నీళ్ళు చుక్క పడలేదన్నావు చూడు, పడ్డవి చుక్కలు కావు. గూడు అడుగున నీళ్ళు నిలిచాయి. ఫిల్టరు ఆ నీళ్ళలో నానింది. ఇంజనుకి గిన్నెలో నీళ్ళు పోసి తాగించినట్టయింది. బజారు మొదట్లోనే ఆగిపోయింది. జనం చూస్తుండగా అంత బండినీ ఈడ్చుకుంటూ కొట్టు గుమ్మం దాకా తెచ్చాను. ఇవాళ డ్యూటీ లేదు కాబట్టి సరిపోయింది. ఉంటే ఈ ఉత్తరం మీ ఇంటి వరండాలో కూర్చుని రాసేదాన్ని.

ఫోను చేస్తే వదిన తీసింది. నీకివ్వమన్నాను. కాసేపు నసిగి, ఇచ్చింది. "అన్నయ్యా, ఇంజను లేవడం లేదు, విను" అని ఫోను బండి దగ్గర పెట్టి కిక్కు కొట్టాను. కొట్టాను, కొట్టాను, ఒళ్ళంతా చెమట్లు పట్టాయి. ఇంజను పలకలేదు. టక్కుమని కిక్కు రాడ్డు కిందికి పోవడం, పైకి రావడం. అంతే. ఫోను చెవిన పెట్టుకునేసరికి నువ్వేమంటున్నావో గుర్తుందా?

"ఆహా! ఏం పలుకుతోందే పిడుగూ! గొంతు సాఫీ అయిపోయింది, ఇక నీకు ఢోకా లేదు."

ఇంజను లేవలేదు అన్నయ్యా! అక్కడ పలకడానికి ఏమీ లేదు. "అన్నయ్యా, బండి చచ్చిపడుంది" అని అరిచాను. కొట్లో వాళ్ళంతా నావైపు చూశారు. నువ్వేమో "సరేనమ్మా, సరే, ఉంటా మరి" అని పెట్టేశావు.

నీకు నేనంటే అంత లోకువయ్యానా? నా ఉద్యోగం పోతుందంటే నీకు వేళాకోళమా? వదిన కూడా ఫోను చెయ్యొద్దని రాసింది. ఇద్దరూ కలిసి నన్ను ఏదో ఒకటి చెప్పి పంపేస్తున్నారు, చిన్నప్పుడు బజారుకి వెంట వస్తానంటే చేసినట్టు. చాలు. ఇంకేం పంపొద్దు.


షెడ్డు

పిడుగూ,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చించేసి, మళ్ళీ మొదలుపెట్టాను. వేళాకోళం కాదమ్మా. నాకు వినపడదు.

కొద్దిగా కాదు. అసలు వినపడదు. ఇన్నేళ్ళూ ఇంజన్ల మీద చెవి ఆనించి పని చేశాను కదా, ముందు సన్న శబ్దాలు పోయాయి. వాల్వుల టకటక పోయింది. చెయిను గీసుకోవడం పోయింది. నేనేమో బళ్ళు బాగా నడుస్తున్నాయని మురిసిపోయాను. తర్వాత వదిన గొంతు పోయింది. నువ్వు బండి తీసుకెళ్ళడానికి వచ్చినప్పటికే సగం నీ పెదాలు చూసి పోల్చుకున్నాను. ఇప్పుడు ఏమీ లేదు.

ఎవరికీ చెప్పలేదు. చెవి మేస్త్రికి చెవుడట అని తెలిస్తే ఈ గుమ్మం తొక్కేదెవరు? వదిన ముందు కూర్చుని వచ్చినవాళ్ళ మాటలు వింటుంది, చీటీ మీద రాసి నాకు చూపిస్తుంది. నేను ఇంజను స్టార్టు చేసి ట్యాంకు మీద అరచెయ్యి పెడతాను. వణుకు సమంగా ఉంటే బాగున్నట్టు. మధ్యలో ఒక దెబ్బ తప్పితే బాగాలేనట్టు. ఇంకా కొత్త, సగం తప్పుతున్నాను. చెయ్యి పెట్టినంతసేపూ ఒకటే గుబులు, ఆగిపోయిందేమో, నాకే తెలియడం లేదేమో అని.

ఆదివారం నువ్వు ఇంజను లేవడం లేదు అనగానే వదిన పక్క నుంచి విని రాయాలి కదా, ఫోను నా చెవి దగ్గర ఉంటే తనకెలా వినపడుతుంది? "బండి శబ్దం వినమంటోంది" అని మాత్రం ముందే రాసి చూపించింది. కాసేపు ఆగి బాగుందన్నాను. ఈ మధ్య అన్ని బళ్ళ గురించీ అదే చెబుతున్నాను.

శబ్దాలు రాయమని నీ ప్రాణం తీసింది కూడా అందుకే. నువ్వు రాస్తే చదువుకుని, పాత రోజుల్లోలా మనసులో వినొచ్చని. ఇక వద్దులే. ఆ కొండ దగ్గర మంచి మెకానిక్కుని ఎవరినైనా చూసుకో. ఇది నా చేతిలో లేదు.

అన్నయ్య


గేజి గది

అన్నయ్యకి,

ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు, చెబుతున్నా. ఎవరికీ చెప్పకపోతే పోయావు, నాకు చెప్పకపోవడమేమిటి? నేను గుమ్మం తొక్కే గిరాకీనా? ఈ సంగతి ఇక్కడితో అయిపోలేదు, తర్వాత చూసుకుందాం. చెవి డాక్టరుకి చూపించావో లేదో ఆ ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు. చూపించి ఉండవు. నీ మొండితనం నాకు తెలియదా?

మెకానిక్కుని చూసుకో అన్నావు. ఈ కొండ మీద ఉన్నది ఒక్కడే. వాడు ఫిల్టరుని చూసి, "ఈ ఘనకార్యం చేసినవాణ్ణే అడగండి" అన్నాడు. కాబట్టి నువ్వే చెయ్యాలి. తప్పించుకోవడానికి లేదు.

నువ్వు వినలేవు, నేను శబ్దాలు తిన్నగా రాయలేను. పోనీ, ఇద్దరికీ కళ్ళున్నాయి కదా అనుకున్నాను. మా పనిలో ఒక పద్ధతుంది. వాగు పొంగినప్పుడు మనం ఎదురుగా లేకపోయినా, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చి వెళ్ళాయో తెలియడానికి కొలకర్రకి ముందే సుద్ద పూసి పెడతాం. నీళ్ళు తాకిన చోట సుద్ద కొట్టుకుపోతుంది. పొడి చోట తెల్లగా ఉండిపోతుంది. రోజూ చేసే పనే. ఇన్నాళ్ళూ బుర్రకి తట్టలేదు, ఏమనాలి నన్ను?

నిన్న నీ రేకు గూడు ఊడదీసి, ఫిల్టరుకి చుట్టూరా సుద్ద దట్టంగా పూసి, మళ్ళీ వదిన టోపీ తొడిగి, జోరు వానలో మలుపు దాకా వెళ్ళొచ్చాను. ఇంజను దగ్గగానే వెనక్కి తిప్పేశాను. విప్పి చూద్దును కదా, పైన తెల్లగా ఉంది. ముందు తెల్లగా ఉంది. పక్కలూ అంతే. వెనక వైపు, అడుగున మాత్రం సుద్ద మొత్తం పోయింది, బురద మరకలు కూడా ఉన్నాయి. వానలో బురదెక్కడిది అన్నయ్యా?

నీళ్ళు ఆకాశం నుంచి రావడం లేదు. వెనక చక్రం రోడ్డు మీది నీళ్ళు ఎత్తి ఫిల్టరు మీదికి కొడుతోంది. ఆ చక్రం మడ్‌గార్డు ముందు ముక్క బరువెక్కువని నువ్వే కోసేశావుగా, ఇక అడ్డేముంది? నువ్వేమో బండికి స్టాండు వేసి పైనుంచి నీళ్ళు పోశావు. చక్రం తిరగలేదు. నేను పై నుంచి గొడుగు పట్టావని సంతోషించాను. రేకు గూడైతే ఇంకా మేలు, సరిగ్గా ఆ వెనక వైపే తెరిచి పెట్టావు.

సుద్ద ఎక్కడెక్కడ పోయిందో కాగితం చుట్టి గీసి పంపుతున్నాను. చక్రానికి, ఫిల్టరుకి మధ్య ఎంత ఖాళీ ఉందో కూడా తాడుతో కొలిచి, ఆ తాడు ముక్కే కవర్లో పెట్టాను. వచ్చే వారానికల్లా పెద్ద వాన అంటున్నారు. తొందరగా కానీ.

చెల్లెలు


షెడ్డు

పిడుగూ,

నీ కాగితం చూడగానే నెత్తి కొట్టుకున్నాను. వదిన నిజంగానే ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది. చక్రం తిరగని బండి మీద వాన పరీక్ష పెట్టిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

లారీ ట్యూబు రబ్బరుకి అల్యూమినియం రేకు వెన్ను పెట్టి తెర చేశాను. చక్రానికి, ఫిల్టరుకి మధ్యలో వేలాడుతుంది. కింద ఫిల్టరు కంటే జానెడు దిగి ఉంటుంది. పైన వదిన టోపీ ఉండనీ. ఆ రేకు గూడు ఎక్కడైనా పారెయ్.

ఈసారి వెనక చక్రం గాల్లోకి ఎత్తి, గేరు వేసి తిప్పుతూ, కింది నుంచి చక్రం మీదికి నీళ్ళు కొట్టించాను. వదిన, నేను, షెడ్డు గోడలు అన్నీ తడిశాయి. ఫిల్టరుకి పూసిన సుద్ద తడవలేదు. నా కళ్ళతో చూశాను. ఎవరినీ అడగక్కర్లేకపోయింది.

పోస్టులో వేస్తే రేపు మీ దగ్గరికొచ్చే జీపు తప్పిపోతుందని వదిన పొద్దున్నే బస్సులో మీ సరుకుల గోదాముకి తీసుకెళ్ళి ఇస్తోంది. అందగానే బిగించు.

డాక్టరుకి చూపించలేదు. నువ్వన్నట్టే.

అన్నయ్య


గేజి గది

అన్నయ్యకి, వదినకి,

ముందు మంచి మాట. వానాకాలం ముగియకుండానే నన్ను పర్మనెంటు చేస్తూ కాగితం వచ్చింది. ఇంజనీరు సంతకం చేస్తూ, "బండి ఎవరిదమ్మా?" అని మళ్ళీ అడిగాడు. మా అన్నయ్యది అని గట్టిగా చెప్పాను.

తెర బిగించిన మర్నాడే పెద్ద వాన వచ్చింది. అంత వాన నేను పుట్టి ఎరగను. పగలే చీకటి పడింది. రోడ్డు రోడ్డులా లేదు, వాగులా ఉంది. హెల్మెట్ మీద వాన మోత, పక్కన లోయలో నీళ్ళ హోరు. గదిలోంచి బయటికొచ్చిన క్షణం నుంచీ ఇంజను శబ్దం నాకు వినపడలేదు. నిజంగా ఇసుమంతైనా వినపడలేదు. బండి కదులుతోంది, అంతే తెలుసు. కదులుతున్నది ఇంజను బలానికా, ఉన్న ఊపుకా? ఆగిపోయే ముందు దగ్గితే వినపడేది కదా, ఇప్పుడు దగ్గినా నాకు తెలియదు. ఇది తప్పితే ఇంటికే, అది కాదు భయం. కుట్టుమిషను ఆవిడ ఈసారి ఇంట్లో నిద్రపోతూ ఉంటే?

ఎడమ చెయ్యి హ్యాండిలు మీద నుంచి తీసి ట్యాంకు మీద పెట్టాను. గ్లవ్సు తడిసి దళసరిగా ఉంటే పళ్ళతో లాగి పారేశాను. చల్లటి రేకు, దాని కింద వణుకు. సమంగా ఉంది. మలుపు వస్తే చెయ్యి హ్యాండిలుకి, మలుపు దాటాక మళ్ళీ ట్యాంకుకి. ఎక్కుతున్నంతసేపూ అలాగే. ఒకచోట దెబ్బ తప్పినట్టనిపించి ప్రాణం పోయింది. ఏమీ లేదు, నా చెయ్యే వణికింది.

వంతెన దగ్గర నీళ్ళు కొలకర్ర చివరి గీతని అందుకోబోతున్నాయి. ఇంజను ఆపకుండానే అంకె చూసుకుని వెనక్కి తిరిగాను. ఫోనులో చెప్పగానే పెద్దాయన ఈసారి ఏ వెటకారమూ ఆడలేదు. "అందిందమ్మా. వీధి ఖాళీ చేయిస్తున్నా" అన్నాడు. సాయంత్రానికి పల్లపు వీధి ఇళ్ళు కిటికీల దాకా మునిగాయి. లోపల మనిషన్నవాడు లేడు. ఆవిడ మిషను కూడా ఎవరో మోసుకెళ్ళారట.

ఫోను పెట్టేసి కింద కూలబడ్డాను.  అన్నయ్యా, నాకు ఆ ఒక్క దారికే గుండె నోట్లోకి వచ్చింది. అరచేతి కింద అది ఉందో పోయిందో తెలియక, అడగడానికి పక్కన ఎవరూ లేక, ఏడుపు ఒక్కటే తక్కువ. నువ్వు రోజూ పొద్దున షెడ్డు తలుపు తీసింది మొదలు ఇలాగే ఉన్నావు కదూ. నవ్వుతూ, నన్ను ఆట పట్టిస్తూ, ఇలాగే.

వచ్చే వారం సెలవు పెట్టాను. నీతోపాటు డాక్టరు దగ్గరికి నేను వస్తున్నాను.

నీ చెల్లెలు